ఒక్క రాత్రిలో 500 మెయిళ్లు, కావలసిన ఒక్కటీ రాలేదు: ఫైర్‌వాల్ లాగింగ్, అలర్ట్‌లు ఎలా పెట్టుకోవాలి?

ఆటోనగర్ అకౌంటెంట్:

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, నేను నెట్‌వర్క్ మనిషిని కాదు. కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ప్రింటర్ కదలకపోయినా, టాలీ తెరుచుకోకపోయినా, నెట్ పోయినా అందరూ నన్నే కేకేస్తారు కాబట్టి మెల్లగా ఈ పని కూడా నా నెత్తిన పడింది. మాకు విశాఖలో రెండు చోట్లు, వన్‌టౌన్‌లో పోర్టు దగ్గర ఆఫీసు, ఆటోనగర్‌లో గోడౌన్. రెండు చోట్లా స్టాటిక్ ఐపీ, చిన్న మైక్రోటిక్ రౌటర్, దాంట్లోనే ఫైర్‌వాల్ (ఏ కనెక్షన్‌ని రానివ్వాలో ఆపాలో చూసే కాపలా), మధ్యలో వీపీఎన్ (రెండు చోట్లనీ నెట్ మీద కలిపే రహస్య దారి).

సంగతేమిటంటే ఒక పెద్ద క్లయింట్ ఫారం పంపారు. ఫైర్‌వాల్ లాగ్‌లు (ఏం జరిగిందో రాసుకునే చిట్టాలు) 180 రోజులు ఉంచుతున్నారా, అనుమానం కలిగించే ప్రయత్నం జరిగితే వెంటనే అలర్ట్ వస్తుందా, గడియారాలు సరిచేసి ఉన్నాయా అని బోలెడు ప్రశ్నలు. మా సార్ అన్నిటికీ అవును అని టిక్కు పెట్టి, సంతకం చేసి పంపేసి, ఆ తర్వాత నా టేబుల్ దగ్గరికొచ్చి "రాసేశానయ్యా, ఇంక చేసెయ్" అన్నారు.

శుక్రవారం సాయంత్రం గోడౌన్‌లో కూర్చుని ఒక వీడియో చూసుకుంటూ మొదలుపెట్టాను. ఫైర్‌వాల్‌లో అన్నిటికన్నా అడుగున ఉండే డ్రాప్ రూల్‌కి (పై రూళ్లు ఒప్పుకోని ప్యాకెట్‌ని, అంటే డేటా ముక్కని, పడేసేది) లాగ్ టిక్కు పెట్టాను, సిస్టమ్ లాగింగ్‌లోకి వెళ్లి ఫైర్‌వాల్ టాపిక్‌కి (టాపిక్ అంటే లాగ్ లైను రకం) ఒక రూలు, క్రిటికల్ టాపిక్‌కి ఒక రూలు, రెండిటికీ యాక్షన్ ఈమెయిల్. జీమెయిల్ మామూలు పాస్‌వర్డ్ తీసుకోలేదు, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తెచ్చుకుని, పోర్టు (ఒక్కో సర్వీసుకుండే తలుపు నంబరు) 587 ఇస్తే అప్పుడు కదిలింది. టెస్ట్ మెయిల్ రాగానే ఏదో సాధించినట్టు తాళం వేసి బయల్దేరాను.

ఆటో ఎన్ఏడీ జంక్షన్ దాటకముందే మొదలైంది. టింగు, టింగు, టింగు. ఒక్కో మెయిల్‌లో ఒక్కో లైను, ఎవరో ఊరూ పేరూ తెలియని ఐపీ, ఏదో పోర్టు, డ్రాప్. రాత్రి పదిన్నరకి మా ఆవిడ "ఆ ఫోన్ బయట పెడతారా, నన్ను బయట పడుకోమంటారా" అంది, సైలెంట్‌లో పెట్టేశాను. ఒంటిగంట దాటాక మెయిళ్లు ఆగిపోయాయి, ఎందుకంటే జీమెయిల్ ఉచిత ఖాతాకి రోజుకి 500 అని లెక్క ఉందట, అది అయిపోయింది.

అసలు కథ ఆ తర్వాత. తెల్లవారుజామున గాలివానకి గోడౌన్‌లో కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ చచ్చింది, కరెంటు వచ్చినా నెట్ రాలేదు. పొద్దున్న వెళ్లేసరికి గేట్ పాస్‌లు ప్రింట్ అవక లారీలు రోడ్డు మీద వరసగా ఆగి ఉన్నాయి, సూపర్‌వైజరు నన్ను చూసిన చూపు ఇప్పుడు వర్ణించలేను. దాని గురించి ఒక్క మెయిల్ లేదు. సరే ఎప్పుడు పోయిందో చూద్దామని రౌటర్ లాగ్ తెరిస్తే రాత్రిదంతా మాయం, మొదటి లైనుకి 1970 జనవరి 2 అని తారీఖు ఉంది. నేను పుట్టకముందు తారీఖు!

నాకు తెలియాల్సింది: ఏది లాగ్ చెయ్యాలి, ఏది మెయిల్ చెయ్యాలి? 180 రోజులు ఎక్కడ దాచాలి? నెట్టే పోతే కబురు ఎలా వస్తుంది? ఇంకొకటి, ఆ 500లో ఓ పదిహేను మాత్రం వేరేగా ఉన్నాయి. లోపలి అడ్రస్ 192.168.88.37 నుంచి టెల్నెట్ (వేరే మిషన్ నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి) మీద రూట్ అనే యూజర్ లాగిన్ ఫెయిల్ అయిందని. ఇవి కూడా చెత్తేనా?


మర్రిపాలెం:

ఏటి బాబూ, ఆ ఆఖరి లైను మొదట రాయాల్సింది కదా. మిగతా 485 చెత్త, ఆ పదిహేనే అసలైనవి. 192.168.88.37 అంటే మీ గోడౌన్ లోపలిదే. లోపలున్న ఏదో వస్తువు మీ రౌటర్ తలుపు తట్టి రూట్, అడ్మిన్, సపోర్ట్ అని పేర్లు మార్చి మార్చి ప్రయత్నిస్తోంది. మనిషైతే మైక్రోటిక్‌లో రూట్ అనే యూజర్ ఉండడని తెలిసినవాడై ఉంటాడు, తెలియనివాడైతే టెల్నెట్ జోలికే రాడు. అది ప్రోగ్రామ్ చేస్తున్న పని.

ఇప్పుడే బేగి డీహెచ్‌సీపీ లీజుల్లోకి (రౌటర్ ఏ పరికరానికి ఏ ఐపీ ఇచ్చిందో ఆ జాబితా) వెళ్లి 37 ఎవరిదో చూడండి. చూసి పీకేయండి. తర్వాత ఐపీ సర్వీసెస్‌లో టెల్నెట్, ఎఫ్‌టీపీ, ఏపీఐ ఆపేయండి, విన్‌బాక్స్‌ని (రౌటర్ సెట్టింగ్‌లు తెరిచే ప్రోగ్రామ్) మీ ఒక్క కంప్యూటర్ ఐపీకి మాత్రమే కట్టేయండి. 2018లో విన్‌బాక్స్ లోపం ఒకటి బయటపడింది, లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2018-14847, పోర్టు 8291 బయటికి తెరిచి పెట్టుకున్నవాళ్ల పాస్‌వర్డ్‌లు ఊడ్చుకుపోయారు. రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడు అప్‌డేట్ చేశారో కూడా చూసుకోండి. లాగింగ్ పాఠం మిగతావాళ్లు చెప్తారు.


డాబాగార్డెన్స్:

పైన చెప్పింది ముందు చెయ్యండి, చేసి వచ్చి ఇది చదవండి.

మీరు చేసిన తప్పు ఒక్కటే, అందరూ మొదటిసారి చేసేదే, నేనూ చేశాను. లాగ్‌నీ అలర్ట్‌నీ ఒకటే అనుకున్నారు. మీ గోడౌన్ గేటు దగ్గర రిజిస్టర్ ఉంటుంది కదా, వచ్చిన ప్రతి లారీ నంబరూ, టైమూ, డ్రైవర్ పేరూ రాస్తారు. ఆ రిజిస్టర్ ఎవరూ రోజూ చదవరు, ఏదైనా సరుకు తేడా వచ్చిన రోజు తెరుస్తారు. కానీ సీల్ తెగిన కంటైనర్ వస్తే మాత్రం రాసి ఊరుకోరు, మీ సార్‌కి ఫోన్ చేస్తారు. మీరు ప్రతి లారీకీ సార్‌కి ఫోన్ చేశారు. ఐదు వందల ఫోన్లు ఎత్తాక ఏ మనిషైనా ఫోన్ ఆపేస్తాడు.

ఇంకోటి. ఆ డ్రాప్ లైన్లలో పోర్టులు చూడండి, 23, 22, 445, 3389, 8291 ఇవే ఎక్కువ కనిపిస్తాయి. పబ్లిక్ ఐపీ ఉన్న ప్రతి లైను మీదా ఇరవై నాలుగ్గంటలూ ఇది నడుస్తూనే ఉంటుంది, మీ మీద ఎవరికో పగ ఉండి కాదు. ప్రపంచంలో వైరస్ పట్టిన పరికరాలన్నీ ఐపీలు వరసగా తడుముతూ పోతుంటాయి. డ్రాప్ అయిందంటే తాళం వేసి ఉంది, పని చేసింది అని అర్థం. దానికి మెయిల్ ఎందుకు? మనకి భయం ఉండాల్సింది ఆగిపోయినదాని గురించి కాదు, లోపలికి వచ్చినదాని గురించి. కాబట్టి రౌటర్‌లోకి లాగిన్ అయినవాళ్లు, ఫెయిల్ అయినవాళ్లు, వీపీఎన్ కనెక్షన్లు, బయటినుంచి లోపలికి పోర్టు తెరిచిన డీఎస్‌టీ నాట్ రూళ్లు, ఎవరైనా రూలు మార్చితే ఆ మార్పు, ఇవి తప్పకుండా లాగ్ అవ్వాలి. నాట్ రూలు కనెక్షన్ మొదటి ప్యాకెట్‌నే చూస్తుంది కాబట్టి దానికి లాగ్ పెట్టినా కనెక్షన్‌కి ఒక్క లైనే వస్తుంది, వరద రాదు.

డ్రాప్‌లని పూర్తిగా మానేయమనను. ఆఖరి డ్రాప్ రూలుకి ఉన్న టిక్కు తీసేసి, దానికి సరిగ్గా పైన యాక్షన్ లాగ్ అని ఇంకో రూలు పెట్టండి, నిమిషానికి ఐదు లైన్లు మించకుండా లిమిట్ ఇవ్వండి, ప్రిఫిక్స్‌గా వాన్‌డ్రాప్ లాంటి మాట ఒకటి పెట్టండి. యాక్షన్ లాగ్ రూలు రాసి వదిలేస్తుంది, ప్యాకెట్ కింది రూలుకి వెళ్లి అక్కడ చస్తుంది. ప్రిఫిక్స్ మర్చిపోకండి, ఆరు నెలల తర్వాత ఫైల్లో వెతికేటప్పుడు ఆ ఒక్క మాటే మీ ప్రాణం కాపాడుతుంది. ఆ లాగ్ రూలుకి కూడా పైన ఇంకొకటి, 137, 138, 1900, 5353 పోర్టుల బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ గోలని లాగ్ లేకుండా నిశ్శబ్దంగా పడేసే రూలు. విండోస్ మిషన్లు, టీవీలు, ప్రింటర్లు ఒకదాన్నొకటి పలకరించుకునే మాటలవి, లాగ్‌లో సగం అవే తినేస్తాయి.

మెయిల్ విషయానికొస్తే ఫైర్‌వాల్ టాపిక్‌ని ఈమెయిల్ నుంచి తీసేయండి. క్రిటికల్ ఒక్కటే ఉంచండి, లాగిన్ ఫెయిల్యూర్లు అందులోనే వస్తాయి. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ఒకే రూలులో రెండు టాపిక్‌లు ఇస్తే రెండిట్లో ఏదైనా అని కాదు, రెండూ ఉన్న లైను మాత్రమే అని అర్థం. విడివిడిగా కావాలంటే విడివిడి రూళ్లు రాయాలి. మీరు అదృష్టవశాత్తూ విడిగానే రాశారు, లేకపోతే ఆ పదిహేను కూడా వచ్చేవి కావు.

వేరే బ్రాండ్ల బాక్సులు వాడేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, సిస్‌లాగ్‌లో (పరికరాలు లాగ్‌లు పంపే మామూలు పద్ధతి) తీవ్రత అంకెలు 0 నుంచి 7 దాకా ఉంటాయి, 0 అంటే కొంప మునిగింది, 7 అంటే డీబగ్. అంకె చిన్నదైతే గండం పెద్దది. దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని 7 పెడితే భద్రత ఎక్కువ అనుకుని అలర్ట్ లెవెల్‌ని డీబగ్‌లో వదిలేసినవాళ్లని నేను స్వయంగా చూశాను. అలర్ట్‌కి 0 నుంచి 2, మహా అయితే 3. లాగ్‌కి 6 దాకా. 7 అనేది ఏదైనా పాడైనప్పుడు పది నిమిషాలు తెరిచి మళ్లీ మూసేది.


ఆటోనగర్ అకౌంటెంట్:

చెయ్యి ఇంకా వణుకుతోంది, టైపింగ్ తప్పులుంటే క్షమించండి.

37 ఎవరో తెలిసింది. లీజుల్లో పేరు లేదు, మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే వచ్చే నంబరు) మాత్రమే ఉంది. స్విచ్ దగ్గరికెళ్లి ఒక్కో కేబుల్ పీకుతూ పింగ్ (ఉన్నావా అని అడిగితే వచ్చే జవాబు) చూశాను. ఆరో కేబుల్ పీకగానే ఆగింది. దాన్ని పట్టుకుని గోడ వెంబడి వెళ్తే రికార్డుల అటక మీద దుమ్ములో ఉన్న డీవీఆర్ దగ్గర తేలింది. సీసీ కెమెరాల డబ్బా! రెండేళ్ల క్రితం పెట్టించాం, సార్ ఫోన్‌లో చూసుకోవాలన్నారని కెమెరాలు పెట్టినాయన మా రౌటర్ పాస్‌వర్డ్ అడిగి తీసుకుని ఏదో చేసి వెళ్లాడు. ఇప్పుడు నాట్ టేబుల్ చూస్తే కామెంట్ లేకుండా రెండు డీఎస్‌టీ నాట్ రూళ్లు, బయటినుంచి నేరుగా డీవీఆర్‌కి. డీవీఆర్ పాస్‌వర్డ్ ఏమిటా అని చూస్తే, డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉన్నదే. ఎవరూ మార్చలేదు.

రూళ్లు ఆపేశాను, తీసేయలేదు, సాక్ష్యంగా ఉంటాయని. ఆపకముందు డాబాగార్డెన్స్ గారు చెప్పినట్టు వాటికి లాగ్ పెట్టి పావుగంట చూశాను. పావుగంటలో తొమ్మిది వేర్వేరు బయటి ఐపీలు వచ్చి డీవీఆర్‌ని తాకి వెళ్లాయి. ఆ సమయంలో సార్ బీచ్‌రోడ్డులో వాకింగ్‌లో ఉన్నారు, కెమెరా చూడటం లేదు, ఫోన్ చేసి అడిగాను కూడా.

టెల్నెట్ ఆపాను, విన్‌బాక్స్ కట్టేశాను, రౌటర్ పాస్‌వర్డ్ మార్చాను, అప్‌డేట్ చేశాను. డీవీఆర్ కేబుల్ నా డ్రాయర్‌లో ఉంది. సార్‌కి చెప్తే "క్లయింట్‌కి చెప్పకయ్యా" అన్నారు. ఇది ఎవరికైనా చెప్పాలా, చెప్పక్కర్లేదా? 180 రోజుల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.


ఎండాడ:

కేబుల్ పీకి వెతకడం బాగుంది, చేతిలో ఎన్ని పరికరాలున్నా ఆఖరికి అదే పని.

చెప్పాలా అంటే, సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఇలాంటివి గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలని ఉంది, తెలియజేయాల్సిన వాటి జాబితాలో ఇంటర్నెట్‌కి తగిలించిన ఇలాంటి పరికరాల మీద దాడులు కూడా ఉన్నాయి. మీ ఫారంలో 180 రోజులు అన్న అంకె వచ్చింది కూడా అక్కణ్నుంచే. గడియారాలు ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలిపి ఉంచాలన్నదీ అందులోదే. సార్‌కి ఆ ఆదేశాలు ప్రింట్ తీసి చేతిలో పెట్టండి, నోటితో చెప్తే వినరు, కాగితం మీద ఉంటే వింటారు, మా దగ్గరా అంతే. మీ కంపెనీకి ఎంతవరకు వర్తిస్తుందో మీ ఆడిటర్‌ని అడిగి ఇవాళే తేల్చుకోండి.

1970 సంగతి: చాలా మైక్రోటిక్ బోర్డుల్లో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే 1970 జనవరి 2 నుంచి మొదలెడుతుంది, నెట్ వచ్చి సరైన టైమ్ అందేదాకా అదే రాసుకుంటుంది. ఎన్‌టీపీ క్లయింట్ (నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చుకునేది) తెరిచి టైమ్ డాట్ ఎన్‌పీఎల్ఇండియా డాట్ ఓఆర్‌జీ ఇవ్వండి, టైమ్ జోన్ కోల్‌కతా పెట్టండి. జోన్ వదిలేస్తే అన్నీ ఐదున్నర గంటలు వెనక చూపించి, రాత్రి రెండింటికి జరిగింది ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకి జరిగినట్టు రాస్తుంది, పాపం నైట్ వాచ్‌మన్ బదులు సాయంత్రం డ్యూటీవాడు తిట్లు తింటాడు.

లాగ్ మాయమవడం కూడా మామూలే. రౌటర్ మెమరీలో డిఫాల్ట్‌గా 1000 లైన్లే పడతాయి, కరెంటు పోతే అవీ ఉండవు. పోనీ రౌటర్ డిస్కులోనే రాద్దామంటే చిన్న మోడళ్లలో ఉండేది 16 ఎంబీ ఫ్లాష్, దాని మీద పగలూ రాత్రీ రాస్తే అరిగిపోతుంది. కాబట్టి బయటికి పంపాల్సిందే. మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ ఏదైనా సరే, డెబియన్ (ఉచిత లైనక్స్) వేసి ఆర్‌సిస్‌లాగ్ (లాగ్‌లు అందుకుని ఫైల్లో రాసే ప్రోగ్రామ్) పెట్టండి, లాగ్‌లు వచ్చే యూడీపీ పోర్టు 514 తెరవండి, అదీ మీ రౌటర్ల ఐపీలకి మాత్రమే. రౌటర్‌లో లాగింగ్ యాక్షన్ రిమోట్ పెట్టి ఆ మిషన్ ఐపీ ఇవ్వండి. రౌటర్ పేరుతో వేర్వేరు ఫైళ్లు పడేలా చూసుకోండి, లాగ్‌రొటేట్‌లో (పాత లాగ్ ఫైళ్లని సర్దే ప్రోగ్రామ్) రోజుకో ఫైలు, 180 బదులు 200 ఉంచి, పాతవి కంప్రెస్. స్థలం గురించి టెన్షన్ వద్దు. లైను 200 బైట్లు అనుకుని రోజుకి 50,000 లైన్లు వచ్చినా 10 ఎంబీ, 200 రోజులకి 2 జీబీ, కంప్రెస్ అయితే అందులో చిన్న ముక్క. రాస్‌ప్బెర్రీ పై పెట్టేవాళ్లు మాత్రం మెమరీ కార్డు మీద రాయించకండి, ఒక చిన్న ఎస్ఎస్‌డీ తగిలించండి. మన బీచ్‌వైపు ఉప్పుగాలికి కార్డు స్లాట్లు ఎలా పచ్చబడతాయో నాకు బాగా తెలుసు.

ఆ మిషన్ పాస్‌వర్డ్ రౌటర్ పాస్‌వర్డ్ ఒకటే పెట్టకండి. లోపలికి వచ్చినవాడు మొదట చేసేది లాగ్ తుడవడమే. యూడీపీలో పోయిన లైను పోయినట్టే, మళ్లీ రాదు, అందుకని గోడౌన్ లాగ్‌ని వీపీఎన్ మీదుగా వన్‌టౌన్ దాకా తోలకుండా గోడౌన్‌లోనే ఒక మిషన్ ఉంచడం మంచిది. రాత్రిపూట కాపీ ఆఫీసుకి లాక్కోవచ్చు.

ఇక నెట్ పోతే కబురు ఎలా అన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను మధురవాడలో ఒక చోట సర్వర్లు చూసేవాణ్ని. మానిటరింగ్ అంతా చక్కగా పెట్టుకున్నాం, లింక్ డౌన్ అయితే మెయిల్. తుఫాను తగ్గి, చెట్లు తీసి, జనరేటర్‌కి డీజిల్ దొరికి, లైను వచ్చేసరికి నాలుగు రోజులు. అప్పుడు నా ఫోన్‌కి మెయిల్ వచ్చింది, "లింక్ డౌన్" అని. పాపం అది నాలుగు రోజులూ క్యూలో కూర్చుని, తను చెప్పాల్సిన లైను బాగయ్యాక దాని మీదే ఎక్కి వచ్చింది. చచ్చిన లైను తను చచ్చానని చెప్పలేదు.

దీనికి మందు తిరగేసి ఆలోచించడమే. బాగున్నంతసేపూ బాగున్నానని చెప్పించండి, ఆ మాట ఆగిపోతే బయట ఉన్నవాడు మనకి చెప్తాడు. హెల్త్‌చెక్స్ డాట్ ఐఓలో ఒక చెక్ తీసుకుంటే ఒక లింకు ఇస్తుంది, రౌటర్ షెడ్యూలర్‌లో ఐదు నిమిషాలకొకసారి ఆ లింకుని ఫెచ్ కమాండ్‌తో తట్టించండి, అవుట్‌పుట్ నన్ అని ఇవ్వండి, లేకపోతే తట్టిన ప్రతిసారీ ఫ్లాష్‌లో ఒక ఫైలు రాస్తుంది. పది నిమిషాలు తట్టకపోతే అది మీకు మెయిలో టెలిగ్రామో పంపుతుంది. అది పంపేది వాళ్ల దగ్గర్నుంచి కాబట్టి మీ లైను, మీ యూపీఎస్, మీ జీమెయిల్ లెక్క ఏదీ అడ్డు రాదు.


సీతమ్మధార:

మెయిల్ వద్దండీ, టెలిగ్రామ్ పెట్టండి. రాత్రి రెండింటికి మెయిల్ ఎవరు చూస్తారు? టెలిగ్రామ్‌లోని బాట్‌ఫాదర్ దగ్గర బాట్ (మన తరఫున తనే మెసేజ్‌లు పంపే ఖాతా) తీసుకుంటే టోకెన్ ఇస్తుంది, మీ ఫోన్ నుంచి ఆ బాట్‌కి ముందు స్టార్ట్ కొట్టాలి, మీరు పలకరించకపోతే బాట్ తనంతట తాను మీతో మాట్లాడలేదు. సగం మంది ఇక్కడే ఆగిపోయి బాట్ పని చేయట్లేదంటారు. గ్రూపులో పెడితే చాట్ ఐడీ ముందు మైనస్ గుర్తు ఉంటుంది, అది వదిలేయకండి. లింకులో పంపే మెసేజ్‌లో ఖాళీల బదులు పర్సెంట్ 20 రాయాలి. టోకెన్ రౌటర్ స్క్రిప్టులో ఉంటుంది కాబట్టి సహాయం కోసం స్క్రిప్టు ఎక్కడైనా పెట్టేటప్పుడు అది చెరిపేయండి, ఒకాయన అలాగే పెట్టేసి మూడు రోజులు ఎవరో ఆయన బాట్‌తో గుడ్ మార్నింగ్‌లు పంపారు.

ఎస్ఎంఎస్ అని సార్ అడుగుతారు చూడండి, తప్పకుండా అడుగుతారు. మన దేశంలో ఎస్ఎంఎస్ గేట్‌వే నుంచి పంపాలంటే డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల ఎస్ఎంఎస్ రిజిస్ట్రేషన్ వ్యవస్థ) సంస్థని రిజిస్టర్ చేసి, హెడర్ (పంపేవాళ్ల పేరు) తీసుకుని, మెసేజ్ టెంప్లేట్ ఆమోదం పొందాలి. చిన్న ఆఫీసుకి అంత తతంగం దండగ.

ఒక్కదాంట్లో మాత్రం డాబాగార్డెన్స్ గారితో నాకు పేచీ. లోపలినుంచి బయటికి వెళ్లే కనెక్షన్లు అన్నీ కూడా లాగ్ చెయ్యాలి. ఆ డీవీఆర్ ఎవరితో మాట్లాడిందో ఇప్పుడు వీళ్లకి ఎలా తెలుస్తుంది?


డాబాగార్డెన్స్:

పేచీ ఏమీ లేదు, సగం ఒప్పుకుంటాను. అందరివీ అన్నీ అంటే ముప్పై మంది బ్రౌజింగ్ అంతా రౌటర్ ఒక్కో లైనుగా రాయాలి, చిన్న బాక్సు ప్రాసెసర్ ఊపిరాడక నెట్ నెమ్మదిస్తుంది, అప్పుడు మొదట తీసేసేది లాగింగ్‌నే. మనుషులు వాడని వస్తువులు, అంటే కెమెరాలు, ప్రింటర్లు, అటెండెన్స్ మిషన్, వీటిని వేరే వీలాన్‌లో (అదే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) పెట్టి అక్కణ్నుంచి బయటికి వెళ్లే ప్రతి కొత్త కనెక్షన్‌నీ లాగ్ చేయించండి. ప్రింటర్‌కి బయటి ఊళ్లో చుట్టాలు ఉండకూడదు. అక్కడ ఒక్క లైను పడినా అది చదవాల్సిన లైనే.


సీతమ్మధార:

అదే నేను చెప్పబోయింది, మీరు ముందు చెప్పేశారు.


మర్రిపాలెం:

డీవీఆర్‌ని మళ్లీ తగిలించే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి, సార్ కెమెరా చూడాలంటే ఫోన్‌లో వీపీఎన్ వేసుకుని రమ్మనండి. పోర్టు తెరవడం మాత్రం మళ్లీ వద్దు, కెమెరాలాయన ఎంత బతిమాలినా సరే. రౌటర్ పాస్‌వర్డ్ ఆయనకి ఇవ్వకండి, టైప్ చెయ్యాల్సి వస్తే మీరే వెళ్లి టైప్ చెయ్యండి.


ఆటోనగర్ అకౌంటెంట్:

పన్నెండు రోజులయ్యింది, ఏమైందో చెప్పడానికి వచ్చాను.

ప్రింట్ తీసి చేతిలో పెట్టాను, పని చేసింది. ఆడిటర్‌తో మాట్లాడి సెర్ట్-ఇన్‌కి తెలియజేశారు, క్లయింట్‌కి కూడా సార్ తనే ఫోన్ చేసి చెప్పారు. వాళ్లు కోప్పడతారనుకున్నాం, మీ దగ్గర లాగ్ ఉందా అని అడిగి, ఉందంటే పంపమన్నారు, అంతే. నేను పంపింది నా మెయిల్‌బాక్సులో ఉన్న ఆ పదిహేను లైన్లే, రౌటర్‌లో ఏమీ మిగల్లేదు కదా. ఆ రాత్రి 500 మెయిళ్లని తిట్టుకున్నాను కానీ చివరికి అక్కరకొచ్చింది వాటిలో దొరికిన ఆ కాసినే.

పాత డెస్క్‌టాప్ మీద డెబియన్, ఆర్‌సిస్‌లాగ్ నడుస్తున్నాయి. మొదట రెండు రోజులు ఫైలు ఖాళీగా ఉంటే తల బద్దలు కొట్టుకున్నాను, తీరా చూస్తే ఆ మిషన్ సొంత ఫైర్‌వాలే 514ని ఆపేస్తోంది. లాగ్ రావట్లేదని లాగ్ చూసి తెలుసుకుందామని వెతికాను, నవ్వకండి. ఇప్పుడు రోజుకి ఆరు వేల లైన్లు పడుతున్నాయి, వాటిల్లో ఒక్కటీ నా ఫోన్‌కి రావడం లేదు. కెమెరాలు, ప్రింటర్లు వేరే వీలాన్‌లోకి వెళ్లాయి. ఒక ప్రింటర్ రోజూ ఉదయం బయటికి ఎవరికో ఫోన్ చేస్తోంది, చూస్తే దాని కంపెనీ అప్‌డేట్ సర్వర్, ఆపేశాను. ఉన్న రూళ్లన్నిటికీ కామెంట్‌లో తారీఖు, నా ఇనీషియల్స్ రాస్తున్నాను.

టెలిగ్రామ్ గ్రూపులో నేను, సూపర్‌వైజరు, సార్ ఉన్నాం. పన్నెండు రోజుల్లో వచ్చినవి మూడే. మొదటిది నేనే పాస్‌వర్డ్ తప్పు కొట్టినది. రెండోది కరెంటు పోయినప్పుడు, పదకొండో నిమిషంలో వచ్చింది, వెంటనే ఆఫీసు నుంచి ఫోన్ చేసి జనరేటర్ వేయించాం, గేట్ పాస్‌లు ఆగలేదు.

మూడోది మొన్న రాత్రి 2:10కి. గోడౌన్ నుంచి పది నిమిషాలుగా కబురు లేదని. వాన లేదు, గాలి లేదు. లేచి వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను. కరెంటు ఉందా అంటే ఉందన్నాడు. ర్యాక్ దగ్గరికి వెళ్లి ఏ లైట్లు వెలుగుతున్నాయో చెప్పు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అది కాదు బాబూ, ఫోన్ ఛార్జింగ్ అయిపోనాది, ప్లగ్గు కాళీ నేదు, ఆ నల్ల డబ్బాది తీసినాను, దాందేటి పనో నాకు తెల్దు" అన్నాడు. ఆ నల్ల డబ్బా రౌటరే.

నిన్న డాబాగార్డెన్స్ సందులో ఆరు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు కొని వాచ్‌మన్ కుర్చీ పక్కన బిగించాను. ఆ ఖర్చు బిల్లు ఏ హెడ్‌లో వెయ్యాలో మాత్రం ఇంకా తేలలేదు.